వైరు విప్పితేనే మైలేజీ!

అదో కంపెనీ కారు. ఉద్యోగి మూడు నాలుగేళ్లు వాడుకున్నాడు. లీజు గడువు తీరడంతో తిరిగి అప్పగించాడు. డిక్కీ తెరిచి చూస్తే ఓ మూలన చార్జింగ్ కేబుల్... దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు!

ఇది ఒక్క కారు కథ కాదు. బ్రిటన్‌లో కంపెనీ కార్ల ఇంధన ఖర్చుల లెక్కలు చూసే ఓ సంస్థకు ఇలాంటివి చాలానే ఎదురయ్యాయి. 2018లో ఆ సంస్థ దాదాపు 1,500 ప్లగ్ఇన్ హైబ్రిడ్ కార్ల లెక్కలు తీసింది. కంపెనీలు చెప్పిన మైలేజీ సగటున లీటరుకు 46 కిలోమీటర్లు. రోడ్డు మీద నిజంగా వచ్చింది 14 కిలోమీటర్లు! మూడో వంతు కూడా లేదన్నమాట.

మరి తేడా ఎక్కడొచ్చింది? కారులోనా, కంపెనీ చెప్పిన లెక్కలోనా, నడిపే మనిషిలోనా? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు ఆ కారు సంగతి తెలుసుకోవాలి.

రెండు ఇంధనాల బండి
మన రోడ్ల మీద కనిపించే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి వాటిలోని హైబ్రిడ్ రకాలకు ప్లగ్గు ఉండదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తినీ, ఇంజిన్ నుంచి కొంత శక్తినీ తీసుకుని వాటి చిన్న బ్యాటరీ తనంతట తానే చార్జ్ అవుతుంది. పెట్రోలు పోయించడం తప్ప యజమాని చేయాల్సిందేమీ లేదు. 1997 డిసెంబరులో జపాన్ మార్కెట్లోకి వచ్చిన టయోటా ప్రియస్‌ది ఇదే పద్ధతి.

'ఇందులో ఇంకాస్త పెద్ద బ్యాటరీ పెట్టి, దాన్ని ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే?' అన్న ఆలోచన కాలిఫోర్నియాలోని కొందరు ఔత్సాహికులకు వచ్చింది. 2004లో వాళ్లు ఓ ప్రియస్ డిక్కీలో అదనంగా బ్యాటరీలు అమర్చి, ప్లగ్గు పెట్టి నడిపి చూపించారు. తర్వాత కార్ల కంపెనీలూ ఆ దారి పట్టాయి. 2008 డిసెంబరులో చైనాలో బీవైడీ ఎఫ్3డీఎం, 2010 డిసెంబరులో అమెరికాలో షెవర్లే వోల్ట్ అమ్మకానికి వచ్చాయి.

ప్లగ్ఇన్ హైబ్రిడ్ అంటే ఒక బండిలో రెండు బళ్లు. బ్యాటరీలో చార్జింగ్ ఉన్నంతసేపూ అది దాదాపు ఎలక్ట్రిక్ కారు. అయిపోయాక మామూలు హైబ్రిడ్. దగ్గరి ప్రయాణానికి కరెంటు, దూరానికి పెట్రోలు. దారిలో చార్జింగ్ అయిపోతుందేమోనన్న బెంగ లేదు. వినడానికి బంగారంలా ఉంది కదూ! చిక్కంతా ఒక్కచోటే... ఇలాంటి కారుకు మైలేజీ ఎంతని చెప్పాలి?

ఆ అంకె అలా వచ్చింది
2014లో బ్రిటన్‌లో అడుగుపెట్టిన మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్ఇన్ సంగతే చూద్దాం. బరువైన పెద్ద ఎస్‌యూవీ. అయినా కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 52 కి.మీ. పైనే. కొన్ని మోటార్‌సైకిళ్లకూ అంత రాదు!

ఇది కంపెనీ సొంతంగా కల్పించింది కాదు. అప్పటి యూరప్ పరీక్ష పద్ధతిలోనే ఆ సూత్రం ఉంది. ముందు, నిండా చార్జ్ చేసిన కారు కరెంటుతో ఎంత దూరం పోతుందో చూస్తారు. అవుట్‌ల్యాండర్ 52 కి.మీ. పోయింది. ఆ తర్వాత యజమాని మరో 25 కి.మీ. మాత్రమే పెట్రోలుతో నడిపి, మళ్లీ చార్జింగ్ పెడతాడని అనుకుంటారు. అంటే మొత్తం 77 కి.మీ.లో పెట్రోలు తాగేది చివరి 25 కి.మీ.కే. అందుకు ఖర్చయ్యేది లీటరున్నర లోపే. ఆ కొద్ది పెట్రోలును 77 కి.మీ.కు పంచితే లీటరుకు 52 దాటుతుంది. లెక్క సరైనదే. కాకపోతే అది కారు మైలేజీ కాదు... 'యజమాని ఇలా నడుపుతాడు' అన్న ఊహ!

ఆ ఊహలో రెండు మెలికలున్నాయి. ఒకటి, ప్రయోగశాలలో వచ్చిన 52 కి.మీ. రోడ్డు మీద రాదు. ఇదే అవుట్‌ల్యాండర్ 2017 చివర్లో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ కాస్త కఠినంగా పరీక్షించి, కరెంటుతో 35 కి.మీ. పోతుందని తేల్చింది. రెండోది ఇంకా ముఖ్యమైనది. ప్రతి 25 కి.మీ. పెట్రోలు ప్రయాణం తర్వాతా చార్జింగ్ పెట్టాలి. అసలు కేబుల్ కవరే విప్పకపోతే?

కొన్నది పన్ను కోసం
ఎందుకు విప్పలేదన్నది ఆసక్తికరమైన ప్రశ్న. బ్రిటన్‌లో కంపెనీ ఇచ్చే కారును జీతంలో భాగంగా లెక్కగట్టి ఉద్యోగి నుంచి పన్ను వసూలు చేస్తారు. కాగితం మీద పొగ తక్కువ వదిలే కారుకు ఆ పన్నూ తక్కువే. పైగా అప్పట్లో ప్రభుత్వం 5,000 పౌండ్ల గ్రాంటు ఇవ్వడంతో అవుట్‌ల్యాండర్ ప్లగ్ఇన్, డీజిల్ రకం ధరకే దొరికింది. ఇంకేం... చాలామంది ఎగబడ్డారు.

తీరా కారు వచ్చాక? పెట్రోలు బిల్లు కంపెనీది. ఇంట్లో చార్జింగ్ పెడితే కరెంటు బిల్లు సొంతానిది. అలాంటప్పుడు రోజూ రాత్రి వైరు తగిలించే శ్రమ ఎవరు పడతారు? పన్ను రాయితీ చేతికొచ్చింది. కేబుల్ డిక్కీలోనే ఉండిపోయింది. ప్లగ్ఇన్ హైబ్రిడ్‌లకు ఇచ్చే ఆ గ్రాంటును బ్రిటన్ 2018 చివర్లో ఎత్తేసింది.

ఈ తేడా ఎంతో 2022లో జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ సంస్థ, ఐసీసీటీ కలిసి లెక్కగట్టాయి. యూరప్‌లో సుమారు 9,000 కార్లను పరిశీలిస్తే, సొంత డబ్బుతో కొన్నవాళ్లు నూటికి 45 నుంచి 49 కి.మీ. కరెంటుతో నడిపారు. కంపెనీ కార్లవాళ్లు నడిపింది 11 నుంచి 15 కి.మీ. మాత్రమే. దాంతో మైలేజీ కూడా సొంత కార్లకు లీటరుకు 23 నుంచి 25 కి.మీ. వస్తే, కంపెనీ కార్లకు 12, 13 దగ్గరే ఆగిపోయింది. రెండుచోట్లా ఉన్నవి ప్లగ్ఇన్ కార్లే. తేడా అల్లా బిల్లు కట్టే జేబులోనే!

వోల్ట్ చెప్పిన మరో కథ
అలాగని ఈ కార్లన్నీ దండగేనా అంటే... కాదు. 2011-13 మధ్య అమెరికా ప్రభుత్వ సాయంతో 'ఈవీ ప్రాజెక్ట్' నడిచింది. ఇంట్లో చార్జింగ్ పరికరం పెట్టించుకున్న వోల్ట్ యజమానుల ప్రయాణాలను ఇడాహో నేషనల్ లేబొరేటరీ నమోదు చేసింది. వాళ్లు తిరిగిన దూరంలో నూటికి 70కి పైగా కరెంటుతోనే! రోజుకు ఒకసారి కన్నా ఎక్కువే చార్జింగ్ పెట్టేవారు మరి.

ఎందుకంత తేడా వస్తుందో మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా ఊళ్లతోనే లెక్క వేసి చూడొచ్చు. ఫ్రీమాంట్‌లో ఉండే కుటుంబం అనుకుందాం. ఆఫీసు శాన్‌హోజేలో. రానూపోనూ సుమారు 55 కి.మీ. తొలితరం వోల్ట్ ఈపీఏ లెక్క ప్రకారం కరెంటుతో 56 కి.మీ. పోతుంది. ఒక యూనిట్‌కు దాదాపు నాలుగున్నర కి.మీ. బ్యాటరీ అయిపోయాక లీటరుకు 15.7 కి.మీ. ఇస్తుంది. అదే ఏడాది ప్లగ్గులేని మామూలు ప్రియస్ మైలేజీ లీటరుకు 21 కి.మీ. పైచిలుకు.

వారంలో ఐదు రోజులు ఆఫీసుకు వెళ్తే 275 కి.మీ. రోజూ రాత్రి చార్జింగ్ పెడితే వోల్ట్‌కు పెట్రోలు అక్కర్లేదు. ఓ 62 యూనిట్ల కరెంటు చాలు. మామూలు ప్రియస్ అయితే సుమారు 13 లీటర్లు. మరి వోల్ట్ కొని చార్జింగ్ పెట్టకపోతే? పదిహేడున్నర లీటర్లు! దాదాపు 200 కిలోల బ్యాటరీని ఊరికే మోసుకు తిరిగినందుకు పడే జరిమానా అది.

అదే కుటుంబం సెలవులకు లాస్ఏంజెలిస్ బయల్దేరితే... సుమారు 580 కి.మీ. మొదటి 56 కి.మీ. కరెంటుతో పోయినా మిగతాదంతా పెట్రోలే. 33 లీటర్లు పడుతుంది. ప్రియస్‌కు 27 చాలు. ఆఫీసు ప్రయాణాల్లో గెలిచిన కారు దూర ప్రయాణంలో ఓడిపోయిందన్నమాట. కాబట్టి 'ఈ కారు ఎంత ఇస్తుంది?' అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు లేదు. 'మీరు రోజుకెంత తిరుగుతారు, రాత్రి ఎక్కడ పెడతారు?' అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

చలి, వేగం, బరువు
చార్జింగ్ పెట్టినా చెప్పిన దూరం రాకపోవడానికి వేరే కారణాలున్నాయి. మొదటిది చలి. పెట్రోలు కారులో ఇంజిన్ వేడితోనే లోపల వెచ్చగా ఉంటుంది. కరెంటుతో నడిచేటప్పుడు హీటర్ కూడా ఆ బ్యాటరీ మీదే పడి తింటుంది. పైగా చలిలో బ్యాటరీ సామర్థ్యమే తగ్గుతుంది. తొలితరం వోల్ట్ అయితే బయట గడ్డకట్టే చలి ఉంటే, చార్జింగ్ నిండుగా ఉన్నా వేడి కోసం ఇంజిన్‌ను దానంతటదే ఆన్ చేసేది. ఎండాకాలంలో ఏసీ కూడా దూరాన్ని తగ్గిస్తుంది.

రెండోది వేగం. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అందుకే ఊళ్లో చక్కగా వచ్చే దూరం హైవే ఎక్కితే పడిపోతుంది. ఊళ్లో బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి బ్యాటరీకి తిరిగొస్తుంది. హైవే మీద ఆ అవకాశం తక్కువ. ఇక కొండ రోడ్డు ఎక్కుతున్నా, ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినా కొన్ని మోడళ్లలో ఇంజిన్ అందుకుంటుంది.

కారే సాక్ష్యం చెప్పింది
ఇన్నాళ్లూ ఇదంతా అధ్యయనాల్లో తేలిన మాట. 2021 నుంచి యూరప్‌లో అమ్మే ప్రతి కొత్త కారులోనూ నిజంగా ఎంత ఇంధనం తాగిందో నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ ఏడాది రిజిస్టరైన సుమారు 6 లక్షల వాహనాల సమాచారంతో యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు చెప్పినదానికన్నా 20 శాతం దాకా ఎక్కువ తాగుతున్నాయి. ప్లగ్ఇన్ హైబ్రిడ్‌లు? మూడున్నర రెట్లు! 2017లో పాత పరీక్ష స్థానంలో కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ వచ్చాక కూడా పరిస్థితి ఇదీ.

ఇది ఒక్కరి జేబుకు సంబంధించిన విషయం కాదు. ఆ అంకెల్ని చూసే ప్రభుత్వాలు పన్నులు తగ్గించాయి. ఆ అంకెల్ని చూపించే కంపెనీలు కాలుష్యం తగ్గించామని లెక్క చెప్పుకున్నాయి. పొగ మాత్రం గాలిలోనే ఉంది. అందుకే యూరప్ ఆ సూత్రాన్ని సవరించింది. యజమాని చాలా తరచుగా చార్జింగ్ పెడతాడన్న ఊహను 2025 నుంచి కొత్త మోడళ్లకు బాగా తగ్గించింది. 2027 నుంచి ఇంకా తగ్గించేలా నిబంధన పెట్టింది.

కార్లూ మారుతున్నాయి. 2012 నాటి ప్లగ్ఇన్ ప్రియస్ కరెంటుతో ఈపీఏ లెక్కలో 18 కి.మీ. పోయేది. 2023 మోడల్ 71 కి.మీ. దాకా పోతోంది. చార్జింగ్ అయిపోయినా లీటరుకు 22 కి.మీ. ఇస్తుంది. బ్యాటరీ పెద్దదయ్యేకొద్దీ ఒకరోజు మరచిపోయినా నష్టం తగ్గుతుంది. అసలే పెట్టనివాళ్లకు మాత్రం ఎంత పెద్ద బ్యాటరీ ఇచ్చినా బరువే.

కొనేముందు...
మన దేశానికి ఇంతవరకూ వచ్చిన ప్లగ్ఇన్‌లు 2016లో వచ్చిన వోల్వో ఎక్స్‌సీ90 టీ8 లాంటి ఖరీదైన కార్లే. అమెరికా, యూరప్‌లలో ఉన్న మన పిల్లలకు మాత్రం ఇది రోజువారీ ప్రశ్న. షోరూముకు వెళ్లేముందు నాలుగు విషయాలు చూసుకుంటే చాలు.

* కారు పెట్టేచోట ప్లగ్గు ఉందా? అపార్ట్‌మెంట్ అయితే ముందే అడగాలి. లేకపోతే మామూలు హైబ్రిడే మేలు.

* రోజూ తిరిగే దూరం ఎంత? కంపెనీ చెప్పిన కరెంటు దూరంలో నాలుగో వంతు తీసేసి, మిగిలిన దాంతో పోల్చుకుంటే చలికాలంలోనూ ఇబ్బంది తక్కువ.

* చార్జింగ్ అయిపోయాక లీటరుకు ఎంత? ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండేది ఇది కాదు. అడిగి మరీ తెలుసుకోవాలి.

* 'ఎంపీజీఈ' అంకె చూసి మురిసిపోవద్దు. ఒక గ్యాలన్ పెట్రోలులోని శక్తి 33.7 యూనిట్ల కరెంటుతో సమానమని లెక్కగట్టి చెప్పే అంకె అది. వోల్ట్‌కు 93 ఎంపీజీఈ అని రాశారు. పెట్రోలుతో నడిపితే గ్యాలన్‌కు వచ్చింది 37 మైళ్లే!

పడుకునేముందు సెల్‌ఫోన్‌కు చార్జింగ్ పెట్టడం ఎవరూ మరచిపోరు. ఆ అలవాటు కారుకూ వచ్చినవాళ్లకు పెట్రోలు బంకు దారి గుర్తుండదు. రానివాళ్లకు... కంపెనీ చెప్పిన మైలేజీ డిక్కీలోనే ఉంటుంది, కవరు విప్పకుండా!