గోడ అవతలి నీరు – గని యాజమాన్యం బాధ్యత

గని ప్రమాదం అనగానే పైకప్పు కూలడమో, వాయువు పేలడమో మీకు గుర్తుకు రావచ్చు. కానీ మన దేశ చరిత్రలో అతి పెద్ద గని ప్రమాదంలో ప్రాణాలు తీసింది నీరు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా బొగ్గు గనిలోకి పాత తవ్వకాల్లో నిలిచిన నీరు ఒక్కసారిగా దూసుకువచ్చింది. 375 మంది మరణించారు. 1979లో వచ్చిన 'కాలా పత్థర్' అనే హిందీ సినిమాకు ప్రేరణ ఈ దుర్ఘటనే. మన గోదావరిఖనిలోనూ 2003 జూన్ 16న ఒక భూగర్భ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు.

బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీలోకి ఏళ్ల తరబడి ఊట నీరు, వాన నీరు చేరుతుంది. ఆ నీటి ఎత్తు 50 మీటర్లయితే, అడుగున ఉన్న గోడలో ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 50 టన్నుల బలం పడుతుంది. ఇది మీరు భౌతికశాస్త్రంలో చదివిన ద్రవపీడనమే. గోడకు ఇవతల పనిచేసేవారికి అది కనిపించదు, వినిపించదు.

మరి యాజమాన్యం ఏం చేయాలి? 2017 వరకు అమల్లో ఉన్న 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు దీన్ని స్పష్టంగా చెప్పాయి. నీరు లేదని పరీక్షించి తేల్చుకోని పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు వచ్చాక, రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదు. అనుమతి వచ్చినా, తవ్వే ముఖం మధ్యలో ఒక బోరు, ఇరుపక్కలా మరికొన్ని బోర్లు వేస్తూ సాగాలి. బోరు ఎప్పుడూ తవ్వకం కంటే కనీసం 3 మీటర్లు ముందుండాలి. అవతల నీరుంటే సన్నని బోరులోంచే ముందుగా బయటపడుతుంది.

అయితే 60 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? అందుకే గని ప్లాను, అంటే లోపలి తవ్వకాల పటం, అన్నిటికన్నా ముఖ్యం. గని మూసేటప్పుడు చివరి తవ్వకం వరకు చూపే ప్లానును తనిఖీ అధికారులకు అప్పగించాలి. దీన్ని కేవలం కాగితాల పనిగా చూడటం పెద్ద పొరపాటు. ఈ రోజు ఒకరు తప్పుగా గీసిన గీత, ముప్ఫై ఏళ్ల తర్వాత పక్క గనిలో దిగేవారి మీదకు రావచ్చు.

ఈ నీటిని బయటికి తోడితే బాధ్యత తీరిందా? తీరలేదు. బొగ్గులో గంధకం ఉన్న ఖనిజాలు గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఇస్తాయి. అలాంటి నీటిని శుద్ధి చేయకుండా వాగులోకి వదలకూడదు. గంధకం ఎక్కువగా ఉన్న మేఘాలయ బొగ్గు ప్రాంతంలో వాగులు ఆమ్లమయమై, కొన్నింటిలో చేపలే లేకుండా పోయాయి. అక్కడ 'ఎలుక బొరియ' తవ్వకాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. అయినా రహస్యంగా తవ్వకాలు సాగాయి. 2018 డిసెంబరు 13న క్సాన్ గ్రామం వద్ద అలాంటి గనిలోకి నీరు ముంచెత్తి 15 మంది చిక్కుకున్నారు. రక్షణ సిబ్బంది చేతికి ఇవ్వడానికి ఆ గనికి ప్లానే లేదు. పంపులతో రోజుల తరబడి తోడినా నీటి మట్టం సరిగా తగ్గలేదు. నౌకాదళ గజ ఈతగాళ్లు నీటి అడుగున తొలి మృతదేహం జాడ కనుగొనేసరికి నెల దాటిపోయింది.