సగం శక్తితో నిండు జీవితం

మనిషి బ్రతుకులో తీరిక అన్నది నానాటికీ కరవైపోతున్నది. తెల్లవారింది మొదలు వంట, పిల్లల చదువులు, కార్యాలయం, పెద్దల మందులు, బంధువుల శుభకార్యాలు... వీటి నడుమ కాస్త వ్యాయామం చేయాలని ఉంటుంది. చిన్ననాడు నేర్చి విడిచిపెట్టిన సంగీతమో, చిత్రలేఖనమో మళ్ళీ చేపట్టాలని ఉంటుంది. చేతనైనంతలో తోటివారికి సాయపడాలనీ ఉంటుంది. "ఇన్నింటికీ సమయమెక్కడిది?" అన్న ప్రశ్న మధ్యతరగతి గృహాలలో నిత్యమూ వినిపించేదే.

ఉద్యోగం, సంసారం, వీణ, వారానికొక పూట సేవ – ఈ నాలుగింటినీ కొన్ని సంవత్సరాలుగా కలిపి నడుపుకొంటూ వస్తున్నాను. రోజుకున్న ఇరవైనాలుగు గంటలు ఎవరికీ పెరగవు. ఆ గంటలలో మన శక్తిని ఏ మేరకు వెచ్చించాలన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం మన ఆయుర్వేద గ్రంథాలలో, అందునా వ్యాయామాన్ని గురించి చెప్పిన ఒక చిన్న నియమంలో ఉన్నది.

అర్ధశక్తి నియమం

వాగ్భటాచార్యుని అష్టాంగహృదయంలో సూత్రస్థానం రెండవ అధ్యాయం పేరు దినచర్య. నిద్ర లేవడం, దంతధావనం, అభ్యంగనం, వ్యాయామం, స్నానం మొదలుకొని ఇతరులతో మెలగవలసిన తీరు వరకు అందులో చెప్పబడినవి. వ్యాయామం వద్ద ఆచార్యుడు ఒక హద్దు గీశాడు. బలవంతుడై, స్నిగ్ధాహారం భుజించేవాడు సైతం చలికాలంలోను, వసంతంలోను తన బలంలో సగం మేరకే శ్రమించాలి. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ. హద్దు మీరితే దప్పిక, శోష, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి వంటివి కలుగుతాయని హెచ్చరించాడు. నుదుట చెమట పట్టి, నోరు ఎండినట్లనిపించడం సగం బలం ఖర్చయిందనడానికి గుర్తుగా వైద్యులు చెబుతారు.

నేటి వైద్యశాస్త్రం చెప్పే గుర్తు కూడ దీనికి దగ్గరగానే ఉన్నది. వేగంగా నడుస్తున్నప్పుడు ప్రక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థమైన శ్రమ. పెద్దవారికి ఇటువంటి శ్రమ వారానికి కనీసం 150 నిమిషాలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరపు సూచనలలో పేర్కొన్నది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే అది పూర్తి అవుతుంది. రాజమహేంద్రవరంలో ఉన్నవాళ్ళం గనుక మాకు గోదావరి గట్టు మీది నడక ఉన్నది. అది లేనివారికి మేడ మీది నడక అయినా చాలు.

ఈ అర్ధశక్తి నియమాన్ని వ్యాయామానికే పరిమితం చేయనక్కరలేదని నా అభిప్రాయం. మనలో చాలామంది ఏ మంచి పనినైనా పూర్తి శక్తితో ప్రారంభిస్తారు. ఉగాది నాడు మొదలైన యోగాసనాలు శ్రీరామనవమికి ఆగిపోతాయి. పెద్దలు దీనినే ఆరంభశూరత్వం అన్నారు. సగం శక్తితో మొదలుపెట్టిన పని అలసట తెలియనివ్వదు. రేపటికి మరల ఆ పని మీద ఆకలి మిగులుతుంది. నా వీణాసాధన రోజుకు ఇరవై నిమిషాలు మాత్రమే. ఇంకొక్కసారి వాయిద్దామనిపించినప్పుడే వీణకు గుడ్డ కప్పుతాను. అందుచేత మరునాడు సాయంకాలం నా అంతట నేనే దాని దగ్గరకు వెళ్ళి కూర్చుంటాను.

సేవకూ ఒక మోతాదు

పరోపకారం దినచర్యకు వెలుపలి విషయమని భావించేవారు ఆ అధ్యాయాన్ని చివరి దాకా చదవాలి. జీవనోపాధి లేనివారిని, రోగులను, దుఃఖంలో ఉన్నవారిని ఆదుకోవాలని వాగ్భటుడు అక్కడ చెప్పాడు. అయితే "శక్తి మేరకు" అన్న మాటను కూడ జోడించాడు. చరకసంహిత చికిత్సాస్థానంలోని ఆచార రసాయన ప్రకరణం కూడ ఇటువంటిదే. సత్యం పలకడం, కోపం లేకపోవడం, దానశీలం, నిద్రా మెలకువలు సమంగా ఉండడం – ఇవి గలవారికి ఔషధంతో పనిలేకుండానే రసాయన ఫలం లభిస్తుందని అందులో ఉన్నది. దానమూ, నిద్రా ఒకే వరుసలో చేరడం గమనింపదగినది.

మా ఊరిలో చూపు లేని కొందరు విద్యార్థినులకు నేను ఆదివారం ఉదయం రెండు గంటలసేపు పాఠాలు చదివి వినిపిస్తాను. వారు నా కంఠాన్ని ఫోనులో ముద్రించుకొని వారమంతా వింటారు. మొదటి రోజులలో నేను శనివారం కూడ వస్తానని చెప్పినప్పుడు డిగ్రీ చదివే ఒక అమ్మాయి నెమ్మదిగా అన్నది: "వద్దమ్మా. మీకు ముందు ఒకరు రోజూ వచ్చేవారు. రెండు నెలలు చాలా బాగా చదివారు. తరువాత మరి రాలేదు. పరీక్షలకు సగం పుస్తకం మిగిలిపోయింది. మీరు వారానికి ఒక్కసారే రండి, కాని మానకండి."

ఆ పిల్ల మాట ఎన్ని గ్రంథాలకైనా సమానమనిపించింది. మనం ఉత్సాహంతో మొదలుపెట్టి అలసటతో మానివేసే సేవ వలన నష్టపోయేది మనం కాదు, మనలను నమ్ముకొన్నవారు. రెండు నెలలు రోజూ వచ్చిన ఆ వ్యక్తి మంచితనంలో లోపమేమీ లేదు. మోతాదు మించినది, అంతే. ఔషధానికి మోతాదు ఎంత ముఖ్యమో సేవకూ అంత ముఖ్యం.

రక్తదానం విషయంలో ఈ సంగతి నియమరూపంలోనే ఉన్నది. మన దేశంలో ఒకసారి రక్తమిచ్చిన పురుషుడు 90 రోజులు, స్త్రీ 120 రోజులు గడిచిన తరువాతనే మరల ఇవ్వాలి. దాత శరీరం కోలుకోవడానికే ఈ వ్యవధి. తలసీమియా పీడితులైన పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది. వారికి కావలసింది ఒక్కనాడు వెల్లువలా వచ్చిపడే దాతలకంటె, వ్యవధి పాటిస్తూ ఏళ్ళ తరబడి ఇచ్చే దాతలు. పరుగెత్తి పాలు త్రాగేకంటె నిలబడి నీళ్ళు త్రాగడం మేలన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

వేళ తప్పకపోవడమే మందు

మోతాదు తరువాత గమనించవలసినది వేళ. శరీరంలోని జీవ గడియారం ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. నిద్ర, శరీరోష్ణత, హార్మోనుల స్రావం, ఆకలి ఈ గడియారాన్ని అనుసరించి నడుస్తాయి. రోజుకొక వేళలో తిని, రోజుకొక వేళలో నిద్రించేవారికి ఎన్ని పౌష్టికాలు తిన్నా నీరసం తీరకపోవడానికి ఇది ఒక కారణం.

బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలని శాస్త్రం చెప్పిన మాటను కొందరు తొందరపడి ఆచరిస్తారు. సూర్యోదయానికి సుమారు గంటన్నర ముందు వచ్చే ఆ సమయంలో లేవవలసినది "స్వస్థుడు" అని మూలంలోనే ఉన్నది. రాత్రి పన్నెండింటికి పడుకొని నాలుగింటికి లేవడం ఆరోగ్యం అనిపించుకోదు. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. మా ఇంట రాత్రి పదింటికి దీపాలు ఆర్పి ఉదయం ఐదింటికి లేస్తాం. ముందుగా సరిచేయవలసినది పడుకొనే వేళను. లేచే వేళ దానంతట అదే సర్దుకొంటుంది.

ఉద్యోగినులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన మరొక సంగతి వేగధారణ. మలమూత్రాదులు, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు, శ్రమ వలన వచ్చే ఆయాసం మొదలైన సహజ వేగాలు పదమూడింటిని బలవంతంగా ఆపరాదని ఆయుర్వేదం శాసిస్తుంది. కార్యాలయంలో వసతి సరిగా ఉండదని ఉదయం నుండి నీరే త్రాగని స్త్రీలు ఎందరో ఉన్నారు. మా అత్తగారు ఒకసారి, "నీళ్ళు మానుకొని చేసే ఉద్యోగమేమిటే అమ్మాయ్!" అన్నారు. మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం, నీరు తగ్గించడం మూత్రనాళ వ్యాధులకు దారితీయవచ్చు. ఎంత తొందర పని ఉన్నా ఈ విషయంలో రాజీ కూడదు.

నాలుగవ భాగం ఖాళీ

భోజనం గురించి వాగ్భటుడు చెప్పిన కొలత మరొకటి ఉన్నది. కడుపును నాలుగు భాగాలుగా భావించి రెండు భాగాలు అన్నంతోను, ఒక భాగం ద్రవపదార్థంతోను నింపి, నాలుగవ భాగాన్ని వాయువు సంచరించడానికి ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీ లేకపోతే మిగిలిన మూడు భాగాలూ సరిగా అరగవు.

వారానికి కూడ అటువంటి ఖాళీ ఒకటి కావాలి. మా ఇంట శనివారం సాయంకాలం ఏ పనీ పెట్టుకోం. అత్తగారు పాత సంగతులు చెబుతారు, పిల్లలు వింటారు, మావారు ఉల్లిపాయ పకోడీలు వేస్తారు. అకస్మాత్తుగా ఎవరికైనా జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా ఆ ఖాళీ ఆదుకొంటుంది. ఆదివారం పాఠం ఆగకుండా సాగుతున్నదంటే అందుకు శనివారపు తీరికే కారణం.

కుటుంబానికి వేరుగా సమయం దొరకనివారు తమ అభిరుచిలోనూ, సేవలోనూ ఇంటివారికి చోటు ఇవ్వవచ్చు. పరీక్షలలో చూపు లేనివారి తరఫున వ్రాసిపెట్టే సహాయకుల చదువు అభ్యర్థి చదువుకంటె తక్కువ ఉండాలన్న నియమం ఉన్నది. ఆ పని నాకు కుదరదు, కాని ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయికి కుదిరింది. ఇటువంటి అభ్యర్థులకు గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు గనుక మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. ముందురోజు త్వరగా పడుకోవాలని మా అమ్మాయికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. తన నిద్రలేమికి మరొకరి మార్కులు తగ్గుతాయని ఆమె గ్రహించింది.

పనివత్తిడిలో ఉపకరించే గృహచిట్కాలు

• నిత్యాభ్యంగనంలో తల, చెవులు, పాదాలు – ఈ మూడింటికి విశేషంగా నూనె రాయాలని శాస్త్రం. రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళు ఐదు నిమిషాలు మర్దన చేసుకొంటే హాయిగా నిద్రపడుతుంది. జలుబు, కఫం, అజీర్ణం ఉన్న రోజులలో అభ్యంగనం పనికిరాదు.

• రోజంతా నిలబడి పనిచేసేవారు బకెట్టు గోరువెచ్చని నీటిలో గుప్పెడు కల్లుప్పు వేసి పది నిమిషాలు పాదాలుంచితే బడలిక తీరుతుంది. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు దీనిని చేయరాదు.

• మధ్యాహ్న భోజనం తరువాత మత్తుగా అనిపించేవారు పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు సైంధవ లవణం, కరివేపాకు కలిపి త్రాగాలి.

• పాఠాలు చెప్పేవారు, పాడేవారు గొంతు బొంగురుపోతే అతిమధురం చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవచ్చు. రక్తపుపోటు ఉన్నవారు, గర్భిణులు దీనిని వాడరాదు. వారికి ఉప్పునీటి పుక్కిలింత మేలు.

• రాత్రి భోజనం నిద్రకు రెండు గంటల ముందే ముగించాలి. ఆ సమయంలో ఫోనులన్నీ మరొక గదిలో ఉంచితే అన్నంతోపాటు మాటలూ అరుగుతాయి.

విడవని అలసట, బరువు తగ్గడం, ఆయాసం, వారాల తరబడి నిద్రలేమి ఉంటే చిట్కాలతో కాలం గడపక వైద్యుని సంప్రదించాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటివి పని ఒత్తిడి ముసుగులో దాగి ఉండవచ్చు.

కొత్తగా ప్రారంభించేవారికి నా మనవి ఒక్కటే. నాలుగూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. మొదటి నెల నిద్రవేళ ఒక్కటి సరిచేసుకోండి. రెండవ నెల నడకను చేర్చండి. అవి కుదిరిన తరువాత అభిరుచిని, దాని తరువాత సేవను చేపట్టండి. ఏది చేసినా మీకు చేతనైనదానిలో సగమే చేయండి.

దినచర్యాధ్యాయం ముగింపులో వాగ్భటుడు ఒక సాధన సూచించాడు. నా రాత్రింబవళ్ళు ఏ విధంగా గడుస్తున్నాయి అని ప్రతిదినం తనను తాను ప్రశ్నించుకొనేవాడు దుఃఖం పాలు కాడని దాని భావం. దీపం ఆర్పే ముందు ఆ ప్రశ్నకు ఒక్క నిమిషం చాలు. ఎంత తీరిక లేని గృహంలోనైనా ఆ నిమిషం దొరకకపోదు.