వచనాభినయము – ఎస్. వి. రంగారావు

తెలుగు నాటక చరిత్రకారులు నాటకకర్తలను విడువక పేర్కొందురు. నటులలో మాత్రము పద్యము పాడినవారినే తరచుగా తలంతురు. గోదావరి మండలముల విషయమున ఈ అలవాటు మరింత బలముగా కనబడును. చిలకమర్తివారి గయోపాఖ్యానమునకు, దానిని ఊరూర ప్రదర్శించిన సమాజములకు పుటలు చాలవు. కాని 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు ప్రదర్శింపజేసిన వ్యవహారధర్మబోధిని వాడుకమాటలతో నడచిన వచనరూపకమను సంగతి ఒక వాక్యముతో ముగియును. ఆ వచనధార పిమ్మట ఎక్కడికి పోయెను? అది ఎండిపోలేదనియు, కళాశాలలలోను పట్టణపు ఔత్సాహిక సమాజములలోను సన్నగా పారి, తుదకు వెండితెరను చేరెననియు మేము తలంచుచున్నాము. ఇందులకు సామర్ల వెంకట రంగారావుగారి నటజీవితముకంటె మంచి నిదర్శనము లేదు.

రంగారావుగారు 1918 జూలై 3న నూజివీడులో జన్మించిరి. ఆ ఊరు అప్పుడు కృష్ణా మండలములోనిది; 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరినది. నటుడుగా ఆయనను తీర్చినది కాకినాడ. అక్కడ చదువుకొను కాలముననే యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ వారితో చేరి వేషములు కట్టిరి. రేలంగి వెంకటరామయ్య, ఆదినారాయణరావు, అంజలీదేవి మొదలగువారు సినిమాకు పూర్వము ఆ సమాజపు రంగస్థలముపై నిలిచినవారే. ఒక్క పట్టణపు సమాజమునుండి ఇందరు తెరకెక్కుట కేవలము యాదృచ్ఛికము కాజాలదు. రంగారావుగారు షేక్స్పియరు నాటకములలోని ఘట్టములను ఇంగ్లీషులో అభినయించుటయు ఈ దశకు చెందినదే.

ఈ పాఠశాల విలువ తెలియవలెనన్న నాటి పద్యనాటకము తీరును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. శబ్దవర్ధకయంత్రము లేని రోజులవి. చివరి వరుసవరకు వినబడు గొంతే నటునికి మొదటి అర్హత. హార్మోనియము శ్రుతిలో పద్యము నెత్తుకొని, రాగమును విస్తరించి, ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ అన్నచో నటుడు మరల ఆ పద్యమునే అందుకొనును. అంతవరకు ఎదుటి పాత్ర చేతులు కట్టుకొని నిలువవలసినదే. కాంట్రాక్టు నాటకములలో ఒక రాత్రిలోనే కృష్ణ పాత్రను ఇద్దరు ముగ్గురు గాయకనటులు పంచుకొనుటయు కద్దు. మేము ఆ సంప్రదాయమును చులకన చేయుట లేదు. పల్లెలలో అక్షరము రానివారికి సైతము పద్యము నోటికి వచ్చినదన్న అది దాని చలువయే. అయితే పాట రాని నటునికి అందు పెద్దపీట దొరకలేదు. మాటతో, చూపుతో, మౌనముతో పాత్రను నిలుపగలవానికి ఔత్సాహిక సమాజమే దిక్కయ్యెను.

తొలి టాకీలలోను ఇదే నియమము సాగినది. నటుడే పాడవలసి యుండుటచే పద్యనటులే తెరను ఆక్రమించిరి. 1940ల దశకమున నేపథ్యగానము స్థిరపడుటతో గొంతును దేహమును వేరు చేయుట సాధ్యమైనది. రంగారావుగారి ప్రవేశము సరిగా ఈ మలుపు దగ్గరనే జరిగినది. బి. వి. రామానందముగారి వరూధినిలో ప్రవరుడుగా నటించిరి, చిత్రము నడువలేదు. ఆయన జంషెడ్పూరు పోయి ఉద్యోగమున చేరిరి. అగ్నిమాపక శాఖలో పనిచేసినదియు సినిమా జీవితము కుదుటపడక పూర్వమే. మనదేశం (1949), పల్లెటూరి పిల్ల (1950), షావుకారు (1950) చిత్రములతో పరిశ్రమలో కాలు నిలద్రొక్కుకొనిరి. షావుకారులోని సున్నం రంగడు చిన్న పాత్రయే కాని, ఆ రౌడీ నడకను చూచినవాడు మరువడు.

1951లో కె. వి. రెడ్డిగారి పాతాళభైరవి వచ్చినది. నేపాళ మాంత్రికుడు రాగము తీయడు. పింగళి నాగేంద్రరావుగారి వచనమును నమలి, ఆపి, విడిచి పలుకును. భయమును పుట్టించునది కేక కాదు, మాటకును మాటకును నడుమనున్న వ్యవధి. వేయిమంది కూర్చున్న పందిరిలో ఆ వ్యవధి శూన్యమగును; కెమెరా దగ్గరకు వచ్చి నిలిచినప్పుడు అదియే అభినయమగును.

మాయాబజార్ (1957) మా వాదమునకు మరింత సూక్ష్మమైన ఉదాహరణము. ఘటోత్కచుని పద్యములును వివాహభోజనపు పాటయు మాధవపెద్ది సత్యముగారి గళము. వానికి భుజముల కదలికను, గద పట్టిన చేతిని, కనుబొమల ముడిని ఇచ్చినది రంగారావుగారు. పూర్వము ఒక్కనియందే వెదకిన రెండు విద్యలు ఇచట ఇద్దరియందు కుదిరినవి. చూచువానికి అతుకు కనబడదు. అదే చిత్రమున మాయాశశిరేఖగా సావిత్రిగారు ఆడపిల్ల రూపములో ఘటోత్కచుని రీవిని ప్రదర్శించి నవ్వించుట మరియొక సాక్ష్యము. ఇంకొకరు అనుకరించి, చూచువాడు వెంటనే గుర్తింపదగినంత స్ఫుటముగా ఆ పాత్రకు రూపము ఏర్పడినదన్నమాట.

ఐనను పద్యరంగపు ఋణము ఆయనకు లేదనుట అతిశయోక్తి. పౌరాణిక పాత్రలలో దీర్ఘసమాసములను ఒక్క ఊపిరిలో పలుకు ఆ నేర్పు పద్యము విని పెరిగిన చెవికి గాని అబ్బదు. నర్తనశాల (1963)లో సముద్రాల రాఘవాచార్యులవారు వ్రాసిన సంభాషణలను కీచకుని నోట వినినవారికి ఈ సంగతి బోధపడును. సైరంధ్రిని చూచినంతనే మదించిన వీరుని నడక మారుటను గమనింపుడు: పలుకు ఇంకను సేనాధిపతిదే, చూపు మాత్రము లొంగినవానిది. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఆయనకు ఉత్తమనటుని బహుమానము లభించినది ఈ పాత్రకే. తెలుగు రాని న్యాయనిర్ణేతలు దేనిని చూచి మెచ్చిరో విచారించిన, వచనాభినయములో వచనము పోయినను మిగులునది ఎంతయో తేలును.

సాంఘికములలో మాకు మిక్కిలి ఇష్టమైనది బంగారుపాప (1955). జార్జి ఇలియట్ నవల సైలస్ మార్నర్ కథకు పశ్చిమ గోదావరివారైన పాలగుమ్మి పద్మరాజుగారు తెలుగురూపము కల్పింపగా, బి. ఎన్. రెడ్డిగారు దర్శకత్వము వహించిరి. లోకముపై కక్షకట్టిన కోటయ్య, పసిబిడ్డ చేతికి వచ్చినమీదట మెత్తబడును. ఈ మార్పునకు ఉపన్యాసము లేదు. చేతులు బిడ్డనెత్తుకొనుట నేర్చుకొనును, అంతే. అప్పటికి రంగారావుగారికి నలుబది యేండ్లు నిండలేదు.

తరువాతి జమీందారు వేషములలో, తండ్రి వేషములలో కొన్ని కేవలము ఆ నిండు విగ్రహము కొరకే ఇచ్చినట్లుండును. వానిని ఇచట పేర్కొనము. స్వయముగా దర్శకత్వము వహించిన చదరంగం (1967), బాంధవ్యాలు (1968) రెండును సాంఘికములే. 1974 జూలై 18న మద్రాసులో మరణించునాటికి ఆయన వయస్సు 56. తెరపై వృద్ధవేషము ధరించుట అంతకు ఎన్నియో యేండ్లకు ముందే మొదలైనది.