జావా పల్లె: దూరపు డబ్బుకు లొంగని నేల

ఇండోనేషియా అనగానే బాలీ సముద్రతీరమూ అక్కడి విడిది ఇళ్లూ గుర్తుకు రావడం సహజమే అయినా, ఆ దేశపు పల్లె జీవితం చిక్కగా కనిపించేది తీరానికి దూరంగా, అగ్నిపర్వతాల పాదాల చుట్టూ మెట్లు మెట్లుగా పరచుకున్న జావా ద్వీపపు లోతట్టు గ్రామాల్లో. దేశ భూభాగంలో జావా వాటా సుమారు 7 శాతం. 2020 జనగణన ప్రకారం దేశ జనాభాలో 56 శాతం ఆ ఒక్క ద్వీపం మీదే ఉంది. అక్కడ ఊరిని ‘దేసా’ అంటారు. సంస్కృతం నుంచి వెళ్లిన ‘దేశం’ అనే మాట ఆ నేల మీద ఒక ఊరి మేరకు కుదించుకుపోగా, ఊరిపెద్దకు ‘కెపాలా దేసా’ అనే పేరు ‘కపాలం’ నుంచి వచ్చింది. ఇంత ఇరుకైన చోట బయటి మనిషి స్థిరపడి పెట్టుబడి పెట్టాలనుకుంటే, భూమి ధర తెలుసుకోవడం కన్నా ముందు, భూమికీ మనిషికీ మధ్య ఎంత దూరాన్ని ఆ దేశపు చట్టం ఒప్పుకుంటుందో తెలుసుకోవలసి ఉంటుంది.

ఆ చట్టం వెనుక ఒక పాత గాయం ఉంది. 1830 నుంచి డచ్చి పాలకులు అమలు చేసిన నిర్బంధ సేద్య విధానం కింద జావా రైతులు తమ పొలాల్లో కొంత భాగంలో చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలు వేసి సర్కారుకు అప్పగించవలసి వచ్చింది. 1870 భూచట్టం ఆ తరువాత ప్రైవేటు కంపెనీలకు 75 ఏళ్ల దీర్ఘకాలపు కౌళ్లతో తలుపులు తెరిచింది. స్వాతంత్ర్యం వచ్చాక 1960 సెప్టెంబరు 24న వెలువడిన మౌలిక భూచట్టం ఆ చరిత్రకు జవాబుగానే పుట్టింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ‘హక్ మిలిక్’, అంటే తరతరాలకు సంక్రమించే సంపూర్ణ యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకు మాత్రమే దక్కుతుంది. వారసత్వం వల్లనో వివాహం వల్లనో అలాంటి భూమి విదేశీయుడి చేతికి వస్తే, అతడు ఏడాదిలోగా దాన్ని వదులుకోవాలి. స్థానికుడి పేరు మీద కొని, తెరవెనుక యజమానిగా ఉందామనే బినామీ ఏర్పాటును 26వ సెక్షన్ రద్దుగా పరిగణిస్తుంది: భూమి ప్రభుత్వానికి చేరుతుంది, కొన్నవాడు చెల్లించిన సొమ్మును తిరిగి అడిగే హక్కు కూడా పోతుంది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా బినామీ కొనుగోళ్లు ఆగలేదంటే, తప్పు చట్టపు భాషలో కన్నా కొనేవారి ఆశలోనే ఎక్కువ వెతకాలి.

విదేశీయుడికి మిగిలేది ‘హక్ పకై’ అనే వినియోగ హక్కు. నివాస అనుమతి ఉన్నవారికి 2021 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం అది మొదట 30 ఏళ్లకు, పొడిగింపుగా 20 ఏళ్లకు, పునరుద్ధరణగా మరో 30 ఏళ్లకు లభిస్తుంది. అయితే విదేశీయుడు కొనదగిన ఇంటికి ప్రాంతాన్ని బట్టి కనీస ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయించింది కాబట్టి, లోతట్టు పల్లెలోని సాదా పెంకుటిల్లు ఆ హద్దుకు చాలా కింద ఉండిపోతుంది; హక్కు కాగితం మీద ఉన్నా ఊళ్లో దానికి పని దొరకదు. స్థానికులను పెళ్లాడినవారి చిక్కు మరొకటి. భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అని చట్టం భావిస్తుంది గనుక, విదేశీయుణ్ణి పెళ్లి చేసుకున్న ఇండోనేషియా స్త్రీ సొంత దేశంలోనే భూమి కొనలేని స్థితి ఉండేది. పెళ్లికి ముందే ఆస్తులను వేరుచేసుకుంటూ ఒప్పందం రాసుకున్నవారికే మినహాయింపు దొరికేది. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తరువాత ఆ ఒప్పందాన్ని పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చు.

విదేశీయుల మీద ఆంక్షలు అనేక దేశాల్లో ఉన్నాయి. స్వదేశీయుల మధ్య గీత గీయడమూ కొత్త కాదు: మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనకుండా అడ్డుకునే 1970 నాటి నిబంధన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, తెలుగు పాఠకులకు తెలిసిందే. జావా విషయంలో విశేషం, ఆ గీత మనిషి నివసించే చోటును బట్టి ఉండడం. 1961 నాటి 224వ ప్రభుత్వ నిబంధన ప్రకారం, సాగుభూమి యజమాని ఆ భూమి ఉన్న ‘కెచమతన్’లోనే, అంటే మన మండలం వంటి పరిధిలోనే, నివసించాలి, బయట ఉండేవాడు ఆరు నెలల్లోగా భూమిని స్థానికుడికి బదిలీ చేయాలి, లేదా తానే అక్కడికి మకాం మార్చాలి. రోజూ వెళ్లి సాగు చూసుకోగలిగేంత దగ్గరైతే పక్క కెచమతన్‌లో ఉండవచ్చు. ప్రభుత్వోద్యోగుల వంటి కొందరికి సడలింపు ఉంది. దీన్నే అక్కడ ‘అబ్సెంతే’ నిషేధం అంటారు. ఈ లెక్కన జకార్తాలో ఉంటూ మధ్య జావాలో పొలం కొనే పౌరుడూ, సింగపూర్ నుంచి వచ్చిన పరాయివాడూ చట్టం దృష్టిలో కొంతమేర ఒకే వరుసలో నిలబడతారు. నగరవాసులు గుర్తింపు కార్డులోని చిరునామా మార్చి ఈ నిషేధాన్ని దాటుతుంటారన్న మాటా నిజమే. చట్టం ఉండమన్న చోట మనిషి బదులు కార్డు ఉంటుందన్నమాట.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పల్లెల్లో చాలా భూములకు ‘గిరిక్’ అనే పాత పన్ను పత్రమే ఆధారంగా ఉంటూ వచ్చింది. పన్ను ఎవరు కట్టారో అది చెబుతుంది గానీ భూమి ఎవరిదో తేల్చదు. 2017లో మొదలైన సామూహిక నమోదు పథకంతో పట్టాల పంపిణీ జోరందుకోగా, 2021 నిబంధన ఇలాంటి పాత పత్రాలు రుజువుగా చెల్లడానికి ఐదేళ్ల గడువు విధించింది. గ్రామాధికారులకు సంప్రదాయంగా జీతానికి బదులుగా ఇస్తూ వచ్చిన ‘బెంగ్‌కోక్’ పొలాలు, మన పాత మిరాసీదారుల ఈనాములను తలపించేవి, చూడడానికి వ్యక్తి సాగులో ఉన్నట్టే కనిపించినా పదవితో వచ్చి పదవితో పోతాయి కాబట్టి అమ్మకానికి ఎంతమాత్రం పనికిరావు.

భూమి కొనే దారి ఇంత ఇరుకైనప్పుడు డబ్బు పల్లెలో ఏ దారిన పారుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. అన్నిటికన్నా పాత దారి పాలు పంచుకోవడం. పంటలో చెరిసగం పంచుకుంటే ‘మరో’ అంటారు, ఇది మన సంగోరు వంటిదే. సేద్యం చేసినవాడికి మూడో వంతే దక్కితే ‘మెర్తెలు’. 1960 నాటి పంట పంపక చట్టం ఈ ఒప్పందాలు ఊరిపెద్ద ఎదుట రాతపూర్వకంగా ఉండాలనీ, వరి పొలానికి కనీసం మూడేళ్లు, మెట్టకు ఐదేళ్లు గడువు ఉండాలనీ చెప్పినా, ఊళ్లో ఇప్పటికీ నోటిమాటే నడుస్తుంది. పశువుల విషయంలో దీన్ని ‘గదుహన్’ అంటారు: డబ్బున్నవాడు దూడను కొనిస్తాడు, మేపేవాడు గడ్డి కోసి పెంచుతాడు, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని ఇద్దరూ పంచుకుంటారు, ఆవైతే పుట్టిన దూడలను వంతులవారీగా తీసుకుంటారు. పశువు జబ్బుపడి చనిపోతే ఎవరు ఎంత భరించాలన్న దగ్గర ఇరువురి మధ్య ఉన్న చనువే తీర్పరి.

పొలం తాకట్టు, ‘గడై’, ఇంకొక దారి. అప్పిచ్చినవాడు అప్పు తీరేదాకా పొలాన్ని సాగుచేసుకుని పంట అనుభవిస్తాడు. అయితే 1960లోనే వచ్చిన మరో శాసనం, ఏడేళ్లు దాటిన తాకట్టు పొలాన్ని అసలు సొమ్ము అడగకుండానే యజమానికి తిరిగి ఇచ్చేయాలని నిర్దేశించింది. అన్నేళ్ల పంటతో అప్పు ఏనాడో తీరిపోయిందన్నది దాని తర్కం. వడ్డీ లెక్కలకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోచవచ్చు గానీ, రైతు పక్షాన నిలబడి చూస్తే ఇంతకన్నా న్యాయమైన గణితం కనిపించదు. మూడో దారి చెట్లు. ‘సెంగోన్’ అనే మెత్తని కలప చెట్టు ఐదు నుంచి ఏడేళ్లలో కోతకు వస్తుంది కాబట్టి అది పల్లెవాసికి నిలువెత్తు పొదుపు ఖాతా. ‘తెబాంగ్ బుతుహ్’, అంటే ‘అవసరానికి నరుకుడు’ అనే పలుకుబడి ఇక్కడే పుట్టింది: మార్కెట్ ధరను బట్టి కాక, పిల్లల చదువుకో పెళ్లికో డబ్బు కావలసినప్పుడు చెట్టు పడుతుంది. బయటి పెట్టుబడిదారు వేసుకున్న లాభాల పట్టిక సాధారణంగా ఇక్కడే తప్పుతుంది. పైగా జావాలో ఈ చెట్లను పీడిస్తున్న బుడిపెల తెగులు ఏ పట్టికకూ అందదు.

పెద్ద పెట్టుబడికి వేరే కొలత ఉంది. విదేశీ పెట్టుబడితో ఏర్పడే కంపెనీ ఒక్కో వ్యాపారానికి, భూమీ భవనాలూ మినహాయించి, వెయ్యి కోట్ల రుపియాలకు మించి, మన లెక్కలో ఐదు కోట్ల రూపాయలకు పైబడి, పెట్టాలి. అర హెక్టారు కన్నా తక్కువ భూమి ఉన్న రైతును కోడిపేను పేరుతో ‘గురెమ్’ రైతు అని పిలిచే పల్లెలో అంత సొమ్ము ఎక్కడ ఇముడుతుంది? మధ్య జావాలోని క్లాతెన్ జిల్లా పొంగోక్ గ్రామం దీనికి తలకిందులుగా నడిచింది. 2014 నాటి గ్రామ చట్టం కేంద్ర నిధులను నేరుగా గ్రామాలకు చేర్చడానికి ముందే, 2009లో ఆ ఊరు ‘తీర్త మందిరి’ అనే గ్రామ సొంత సంస్థను పెట్టుకుని, స్నానాలకూ చేపలకూ వాడుకునే సహజ ఊటకొలనును నీటి అడుగున ఫొటోలు తీసుకునే విహారస్థలంగా మార్చింది; ఊరి కుటుంబాలే అందులో వాటాలు కొన్నాయి. తరువాతి దశాబ్దం చివరికి సంస్థ ఏడాది ఆదాయం వెయ్యి కోట్ల రుపియాలు దాటింది. విదేశీయుడికి పెట్టిన ప్రవేశ రుసుమంత మొత్తాన్ని ఊరు తన కొలను నుంచి ఏటా తోడుకుందన్నమాట.

ఊళ్లో నివసించడానికి అయ్యే ఖర్చు మరో రకం, అది ఏ ఒప్పందంలోనూ కనిపించదు. కొన్ని పదుల ఇళ్లకు ఒక ‘ఎర్తె’ ఉంటుంది; రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం ప్రవేశపెట్టిన ఇరుగుపొరుగు సంఘాల నుంచి వచ్చిన ఈ ఏర్పాటుకు పెద్ద కూడా పొరుగింటి మనిషే, కొత్త అతిథి వస్తే 24 గంటల్లో ఆయనకు తెలియజేయాలి. ‘కెర్జా బక్తి’ పేరుతో ఆదివారాల్లో అందరూ కలిసి కాలవలు తీస్తారు. పెళ్లికి వెళ్లినవారు ఇచ్చే సొమ్మును మన చదివింపుల మాదిరిగానే పుస్తకంలో రాసుకుని, వారింట శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. పెళ్లిళ్ల నెలలో ఈ బాకీలు తీర్చడానికి అప్పు చేసేవారూ ఉన్నారు. ‘అరిసన్’ అనే వడ్డీలేని చీటీలో పేరు రావడానికి ముందు ఎన్నో నెలలు కట్టవలసి రావచ్చు. రాత్రి గస్తీకి ఇంటికొకరు వంతులవారీగా వెళ్లాలి. గస్తీవాళ్లు తిరుగుతూ ప్రతి ఇంటి ముందు వేలాడే చిన్న డబ్బాలోంచి గుప్పెడు బియ్యమో ఒక నాణెమో తీసుకుంటారు; దీనికి ‘జింపితన్’ అని పేరు. పోగైన సొమ్ముతో వీధి దీపమో పాడె సామగ్రో కొంటారు. డబ్బా ఖాళీగా ఉన్న ఇల్లు ఏదో మర్నాటికి వీధంతా తెలుస్తుంది.