ఇరుసుకు కాపలా: కంప్యూటర్ పంకాలోని చిన్న మూత

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అన్నారు మన పెద్దలు. ఎద్దుబండ్లు అరుదైపోయిన ఈ రోజుల్లో ఆ సంగీతం వినాలంటే ఏదైనా పాత కంప్యూటర్ ప్రక్కన కాసేపు కూర్చుంటే చాలు. దాని లోపలి నుండి వినవచ్చే గరగర ధ్వని ఒక ఇరుసు పెట్టుకుంటున్న మొరయే. ఆ మొరకు కారణం తెలుసుకోవడం విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక, కంప్యూటర్‌ను వాడే ప్రతివారికీ అవసరం.

కంప్యూటర్‌కు మెదడు వంటి ప్రాసెసర్ పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వేడిని వెలుపలికి తరలించడానికి ఒక చిన్న పంకా తిరుగుతూ ఉండాలి. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే పంకా రోజుకు 6 గంటలు పనిచేస్తే 7,20,000 చుట్లు పూర్తి చేస్తుంది. ఈ శ్రమనంతా భరించేది ఇరుసును పట్టి ఉంచే బేరింగు. ఆ బేరింగును కాపాడేది దాని మూత. దానినే వాడుకలో సీలు అంటారు.

ఈ మూత కాపాడేది ముఖ్యంగా ఒక పలుచని నూనె పొరను. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై పరీక్షలు జరుపుతూ, బేరింగు పైభాగాన ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరుగుతుండగా నూనె ఆ రంధ్రం గుండా పైకి ఉబికింది. బిరడా బిగిస్తే బిరడాను సైతం నెట్టివేసింది. తిరిగే ఇరుసు నూనెను తనతో లాగుకొని, అందులో పుట్టిన ఒత్తిడిపైనే నిలుస్తుందని దీనివల్ల తెలిసింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ ఈ విషయానికి గణితశాస్త్ర వివరణ ఇచ్చాడు. లోహం లోహాన్ని ఒరుసుకోనంత కాలమే ఇరుసుకు ఆయుష్షు.

కంప్యూటర్ పంకాలలో ముఖ్యంగా రెండు రకాల బేరింగులు కనిపిస్తాయి. మొదటిది స్లీవ్ బేరింగు. లోహపు పొడిని అచ్చులో ఒత్తి, వేడి చేసి తయారుచేసిన చిన్న గొట్టం ఇది. దీని సూక్ష్మరంధ్రాలలో నూనె నిలువ ఉంటుంది. ఇరుసు వెంట బయటికి ప్రాకే నూనెను చిన్న వాషర్లు అడ్డగిస్తాయి. పంకా మధ్యన అంటించిన కాగితపు చీటీ కేవలం పేరు కోసం కాదు. అనేక పంకాలలో అదే నూనె గదికి పైకప్పు.

రెండవది బాల్ బేరింగు. ఇందులో ఉక్కు బంతుల నడుమ గ్రీజు ఉంటుంది. ‘జెడ్‌జెడ్’ గుర్తు ఉన్నవాటికి ఇరువైపులా రేకు మూతలుంటాయి. ఆ రేకు లోపలి వలయాన్ని తాకదు. నడుమ వెంట్రుకవాసి సందు ఉంటుంది. అందువల్ల రాపిడి లేదు గాని, మెత్తని ధూళి చొరబడే వీలుంది. ‘2 ఆర్‌ఎస్’ గుర్తు ఉన్నవాటి రబ్బరు మూత లోపలి వలయాన్ని తాకుతూ ధూళిని మరింత బాగా ఆపుతుంది. కానీ ఆ తాకిడి ఇరుసును కొంత పట్టి ఆపుతుంది. ఒకటి రెండు వాట్లతో తిరిగే చిన్న మోటారుకు ఆ కొంతే పెద్ద భారం. కాబట్టి రక్షణ ఎక్కువైతే రాపిడి ఎక్కువ, రాపిడి తగ్గిస్తే రక్షణ తక్కువ. ఈ రెంటి మధ్య పొందిక కుదర్చడమే ఇంజనీరు పని.

మూత చెడితే ఏమవుతుంది? నూనెలో కలిసిన ధూళి సానరాతి పొడి వలె లోహాన్ని అరగదీస్తుంది. పంకా మందగిస్తుంది. ప్రాసెసర్ వేడికి తాళలేక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అంతకూ వేడి తగ్గకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది.

ఈ చేటు కొన్నిసార్లు మన చేతులారా తెచ్చుకున్నదే. చప్పుడు వినగానే చీటీ ఊడదీసి, చేతికందిన కొబ్బరినూనె చుక్క వేస్తారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది, కాలక్రమంలో జిగురవుతుంది. జిడ్డంటిన చీటీ మరల అతకదు. దానితో ధూళికి తలుపు తెరిచినట్లే. తప్పనిసరి అయినప్పుడు, విప్పడానికి వీలున్న స్లీవ్ పంకాలో పలుచని యంత్రపు నూనె ఒకటి రెండు చుక్కలు వేసి, తుడిచి, క్రొత్త చీటీ అంటించాలి. బాల్ బేరింగు గరగరలాడితే పంకాను మార్చడమే మేలు. గాలి ఊది దుమ్ము దులిపేటప్పుడు కంప్యూటర్‌ను ఆపి, రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే పంకా మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది.

ఇంటివద్ద కంప్యూటర్ లేని విద్యార్థికి కళాశాల కంప్యూటరే ఆధారం. అది ఆగిన రోజు అతని పాఠమూ ఆగుతుంది. కనుక కార్యవర్గం వారు కంప్యూటర్లు కొనేటప్పుడు పంకాలో ఏ బేరింగు ఉన్నదో అడగాలనీ, కొన్ని పంకాలను అదనంగా నిలువ ఉంచాలనీ, కంప్యూటర్ పెట్టెలను నేలపై గాక బల్లలపై అమర్చాలనీ మనవి. విద్యార్థి మిత్రులు సైతం, సంగీతం మొదలైన నాడే ఆ సంగతి ప్రయోగశాల బాధ్యులకు తెలియజేయాలి. బండి ఆగిన తరువాత కందెన వెదకడం వివేకం కాదు.