మీకు తెలుసా? నూజివీడు బడి నుంచి ప్రపంచ పరిశోధనల దాకా

పరిశోధకులు తమ పరికల్పనలను తేల్చుకునేందుకు ప్రపంచమంతటా వాడే ‘రావు స్కోర్ టెస్ట్’ను రూపొందించింది నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకున్న తెలుగువాడు!

ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆ పరీక్షను 1948లో ప్రకటించారు.

కృష్ణా డెల్టా వరి పొలాల్లో రెండు ఎరువులను పోల్చి చూస్తున్నారనుకోండి. ‘దిగుబడిలో తేడా లేదు’ అనేది శూన్య పరికల్పన. ‘తేడా ఉంది’ అనేది ప్రత్యామ్నాయ పరికల్పన. ‘మొదటి ఎరువుకే ఎక్కువ పండుతుంది’ అంటే దిశను కూడా చెప్పే పరికల్పన అన్నమాట. రావు పద్ధతిలో శూన్య పరికల్పనే నిజమనుకుని అంచనాలు కడితే చాలు. పొలంలో వచ్చిన లెక్కలు ఆ అంచనాలతో బొత్తిగా పొసగకపోతే శూన్య పరికల్పనను తోసిపుచ్చుతారు.

ఆయన 1945లో రాసిన మరో పరిశోధన వ్యాసానికి 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది.