పందికొక్కు మోరీల దిగితే ఎవలికి బాధ?

ఇంగ్లిష్‌ల బ్యాండికూట్ అంటరు చూడుండ్రి, ఆ మాట మన తెలుగు 'పందికొక్కు' నుంచే పోయింది. ఇప్పుడు గదే పేరుతోని ఒక రోబో ఉన్నది. కేరళ ఇంజినీర్ పోరగాళ్లు జెన్‌రోబోటిక్స్ అని కంపెనీ పెట్టి తయారు చేసిన్రు. 2018ల తిరువనంతపురంల మ్యాన్‌హోళ్లు సాఫ్ చేసుడు మొదలువెట్టింది.

దాని యెనుక చావులున్నయి. 2015 నవంబర్‌ల కోజికోడ్‌ల మ్యాన్‌హోల్ల దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు ఊపిరాడక పోయిన్రు. వాళ్లను కాపాడబోయిన ఆటో డ్రైవర్ సుత పానం ఇడిసిండు.

మోరీల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పుడుతది. కొంచెముంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. బాగ ఎక్కువైతే ముక్కే మొద్దువారుతది, వాసనే తెల్వది. ఏం లేదు గదా అని దిగినోడు నిమిషంల కూలవడుతడు. ఈ రోబోకు గ్యాస్ పసిగట్టే సెన్సార్లున్నయి, కెమెరాలున్నయి. లోపల చెయ్యి చాపి బురద తోడుతది. మీద నిలవడ్డ మనిషి స్క్రీన్ చూసుకుంట నడిపిస్తడు.

మరి జనం దీన్ని ఒప్పుకుంటరా? ఇంటోళ్లకు ఏ రంది లేదు, మోరీ పారితే చాలు. నిజంగ భయపడేది ఆ పని మీద బతికేటోడే. 'మిషనొస్తే నా కూలి సంగతేంది?' అని అడుగుతడు. ఆ అడుగుడుల తప్పేమున్నది? తాతల కాలం సంది కులం పేరు జెప్పి ఆ పనిల దించి, ఇప్పుడు ఒక్కసారే ఇంటికి పొమ్మంటే ఎట్ల? అందుకే కేరళల పాత కార్మికులకే రోబో నడుపుడు నేర్పిన్రు. నా లెక్కల రోబో కంటే గదే పెద్ద పని.

మన హైదరాబాద్‌ల సుత 2017ల జలమండలి 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది, ఇరుకు గల్లీలల్ల తిరిగేటియి. దళిత యువకులను ఓనర్లను చేసింది. మంచిదే. గని 2021 ఆగస్టుల సాహెబ్‌నగర్ కాడ ఏమైంది? రాత్రిపూట మ్యాన్‌హోల్ల దిగిన ఇద్దరు తిరిగి రాలే. ఊళ్లె మిషనుండి సుత మనిషి ఎందుకు దిగిండు? మనిషైతే అగ్గువ. కాంట్రాక్టర్ లెక్క గంతే.

2013 చట్టం ప్రకారం రక్షణ లేకుంట మనిషిని దించితే మొదటిసారికే రెండేండ్ల దాక జైలు ఉన్నది. చనిపోతే కుటుంబానికి 30 లక్షలియ్యాలె అని 2023 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 10 లక్షలుండె.

హైదరాబాద్‌ల మీ గల్లీల మోరీ నిండితే 155313కు ఫోన్ చేస్తరు గదా. వచ్చినోళ్లు తాడు పట్టుకొని మనిషిని దించవోతే, మిషన్ యేదని అడుగుండ్రి. రెండు గంటలు ఆలస్యమైతదంటే కానియ్యుండ్రి.